ఒక్క కొట్టుకు మూడు స్టాకు లెక్కలు

సంపాదకులకు నమస్కారం.

వరద తీసిన మర్నాడు పత్రికల్లో రెండు లెక్కలు తప్పకుండా వస్తాయి: ఎన్ని ఇళ్లు మునిగాయి, ఎన్ని ఎకరాల పంట పోయింది. కొట్లు, పిండిమరలు, వెల్డింగు షాపులు, జిరాక్సు సెంటర్లు ఎన్ని మునిగాయన్నది రాదు. వచ్చినా ఏ పదో రోజునో లోపలి పేజీలో నాలుగు వాక్యాలు. పత్రికలను తప్పుపట్టడానికి లేదు, ప్రభుత్వ ఫారాల్లోనే ఆ గడి లేదు. రాష్ట్ర విపత్తు స్పందన నిధి నుంచి దేనికి ఎంత ఇవ్వవచ్చో చెప్పే 2022–26 కేంద్ర నిబంధనల్లో ఇల్లు ఉంది, పంట ఉంది, గేదె ఉంది, కోడి ఉంది, జాలరి పడవా వలా ఉన్నాయి. చేనేత, హస్తకళల వారికి పనిముట్లు పోతే రూ.5,000, ముడిసరుకో తయారైన సరుకో పోతే మరో రూ.5,000 రాసి ఉంది. కిరాణా కొట్టు లేదు, మెకానిక్ షెడ్డు లేదు.

అందుకే 2024 సెప్టెంబర్ 1న బుడమేరు గండ్లు పడి విజయవాడలో సింగ్‌నగర్, పాయకాపురం, రాజరాజేశ్వరిపేట మునిగినప్పుడు రాష్ట్ర ప్రభుత్వం విడిగా ప్యాకేజీ ప్రకటించాల్సి వచ్చింది. కిరాణా కొట్ల వంటి చిన్న దుకాణాలకు రూ.25,000. నమోదైన సూక్ష్మ, చిన్న పరిశ్రమలకు టర్నోవరు రూ.40 లక్షల లోపైతే రూ.50,000, రూ.1.5 కోట్ల లోపైతే రూ.లక్ష, ఆపైన రూ.1.5 లక్షలు. నిబంధనల్లో లేనిది ఇచ్చారు, మంచిదే. కానీ పాతిక కిలోల సన్నబియ్యం బస్తా పద్నాలుగు, పదిహేను వందలనుకుంటే పాతిక వేలు పదిహేడు బస్తాల ఖరీదు. ఓ మోస్తరు కొట్లో కింది వరుసలోనే అంతకు మించి ఉంటాయి.

మిగతా నష్టం పూడాలంటే దారులు మూడే: బీమా, బ్యాంకు, పన్ను లెక్క. బీమా నష్టాల మదింపు, జీఎస్టీ లెక్కల పనిలో ఉన్న వాళ్లం కాబట్టి ఈ మూడు చోట్లా చిన్న వ్యాపారి ఎక్కడ జారిపడతాడో చెప్పగలం. వరద నీటిలో పోయినంత సొమ్మూ కాగితాల్లోనూ పోతోంది. ఆ పోవడం వరద రాకముందే, మామూలు రోజుల్లోనే మొదలవుతోంది.

చాలా కొట్లకు మూడు స్టాకు లెక్కలుంటాయి. సీసీ లిమిట్ (సరుకు హామీ మీద బ్యాంకు ఇచ్చే అప్పు పరిమితి) తగ్గకుండా బ్యాంకుకు నెలనెలా ఇచ్చే స్టేట్‌మెంటులో 20 లక్షలు. పన్ను తగ్గేలా మార్చి 31 బ్యాలెన్సు షీటులో 9 లక్షలు. కొట్లో నిజంగా ఉన్నది 14 లక్షలు. మామూలు రోజుల్లో ఈ మూడు కాగితాలూ ఒకదాన్నొకటి చూసుకోవు. వరద తర్వాత నష్టం లెక్క కట్టడానికి బీమా కంపెనీ పంపే సర్వేయర్ మూడింటినీ ఒకే ఫైల్లోకి అడుగుతాడు. ఇరవై లక్షల లెక్క నమ్మడు, పద్నాలుగు లక్షలకు రుజువు లేదు, తొమ్మిదే చేతిలో మిగులుతుంది.

అతను లెక్క కట్టే పద్ధతి దాచిపెట్టిందేమీ కాదు. మార్చి 31 నాటి స్టాకుకు ఏప్రిల్ నుంచి వరద రోజు దాకా కొన్న సరుకు కలుపుతాడు. అదే కాలంలో అమ్మిన సరుకు అసలు ఖరీదు తీసేస్తాడు. పై ఉదాహరణలోనే కొనుగోళ్లు 30 లక్షలు, అమ్మకాలు 35 లక్షలు, లాభం వంతు అమ్మకాల మీద 12 శాతం అనుకుందాం. అమ్మిన సరుకు ఖరీదు 30.80 లక్షలు. తొమ్మిదికి ముప్పై కలిపి ఇది తీసేస్తే కొట్లో ఉండాల్సింది 8.20 లక్షలు. కళ్లెదుట 13.20 లక్షల సరుకు తడిసి ముద్దై ఉన్నా క్లెయిము ఆ 8.20 దాటదు. పన్ను కోసం మార్చిలో ముంచిన ఐదు లక్షల స్టాకును సెప్టెంబరు వరదలో పైకి తేవడం ఎవరి వల్లా కాదు.

పుస్తకాలు మునిగాయని కంగారు పడనక్కర్లేదు. జీఎస్టీ పోర్టల్లో కొనుగోళ్ల పట్టిక 2బీ తెరిస్తే ఏ నెలలో ఎవరి దగ్గర ఏ బిల్లు మీద ఎంత కొన్నారో ఉంటుంది. ఆ జాబితా పట్టుకుని హోల్‌సేల్ వాళ్ల దగ్గర బిల్లుల నకళ్లు తెచ్చుకోవచ్చు. అమ్మకాలు మీరు వేసే అమ్మకాల రిటర్ను జీఎస్టీఆర్-1లో ఉంటాయి. పోర్టల్లో ఎక్కడా లేనిది ఒక్కటే, అరువు పద్దు. వాడకందార్ల బాకీలు రాసుకున్న ఆ పొడుగు పుస్తకం తడిస్తే, అదీ వాళ్ల ఇళ్లూ మునిగిన వీధిలో, బాకీ గుర్తు చేయడానికే నోరు రాదు. వారానికోసారి ఆ పేజీలను ఫోనులో ఫొటో తీసి ఊళ్లో లేని బంధువు ఎవరికైనా వాట్సాప్‌లో పంపి ఉంచితే చాలు. పైసా ఖర్చు లేని పని, అందుకేనేమో ఎవరూ చేయరు.

బీమా సంగతికి వస్తే, కొట్టుకు పాలసీ ఉందో లేదో యజమానికే తెలియని చోట్లు కొల్లలు. అప్పిచ్చిన బ్యాంకు తన లిమిట్ మేరకు పాలసీ తీసి ప్రీమియం ఖాతాలోంచి కోసుకుంటుంది. ఆ కాగితం కొట్టుకు చేరదు. లిమిట్ 10 లక్షలు కాబట్టి బీమా 10 లక్షలు. వరద రోజున స్టాకు 20 లక్షలుంటే, అందులో 8 లక్షల సరుకు పోతే, కంపెనీ ఇచ్చేది 8 కాదు, 4. సగం విలువకే బీమా చేశారు కాబట్టి మిగతా సగానికి మీరే బీమాదారు అంటుంది. అందులోంచి పాలసీలో రాసిన మినహాయింపు మళ్లీ పోతుంది. 2021 ఏప్రిల్ 1 నుంచి ఒక చోట ఆస్తి విలువ రూ.5 కోట్ల లోపున్న సంస్థలకు ‘భారత్ సూక్ష్మ ఉద్యమ్ సురక్ష’, రూ.5 కోట్ల నుంచి రూ.50 కోట్ల దాకా ‘భారత్ లఘు ఉద్యమ్ సురక్ష’ అనే ప్రామాణిక పాలసీలు అమల్లో ఉన్నాయి. వీటిలో తుపాను, వరద, ముంపు కలిసే ఉంటాయి. బీమా తక్కువైనా ఆ తేడా 15 శాతం లోపుంటే కోత పెట్టరు. సగానికి సగం తేడా ఉంటే ఇవీ కాపాడవు. పాత తరహా ఫైర్ పాలసీల్లో ప్రీమియం తగ్గుతుందని వరద రిస్కు తీసేయించుకునే వీలుంది. అలా తీసేశారా లేదా అన్నది షెడ్యూలు పేజీలోనే తెలుస్తుంది, ఏజెంటు మాటలో కాదు.

యంత్రాల దగ్గర తప్పు ఇంకో రకం. పదేళ్ల కిందట 4 లక్షలకు కొన్న లేతు మిషనుకు ఏటా 15 శాతం తరుగుదల పోను పుస్తకాల్లో మిగిలేది దాదాపు 79 వేలు. ఆడిటర్ ఇచ్చిన బ్యాలెన్సు షీటు చూసి 79 వేలకు బీమా చేస్తారు. ఈ పాలసీల్లో యంత్రాలకు చూసేది కొత్తది కొనడానికయ్యే ధర. ఆ లేతు ఇవాళ 7 లక్షలైతే, బాగుచేయించడానికి లక్ష అయినా చేతికొచ్చేది పదకొండు వేల చిల్లర. సరుకుకు మాత్రం కొన్న ధరే లెక్క, అమ్మే ధర కాదు. లాభం కలిపి బీమా చేసినా ఆ లాభం రాదు.

అడ్రసు విషయం చిన్నదిగా కనిపిస్తుంది గానీ క్లెయిములు పూర్తిగా కొట్టుకుపోయేది దానివల్లే. కొట్టు డోరు నంబరుతో పాలసీ ఉంటుంది, సరుకు వెనక వీధి గోడౌనులో ఉంటుంది. మారిన గోడౌను అడ్రసును కంపెనీకి మెయిల్‌లో చెప్పి, ఎండార్స్‌మెంటు (పాలసీలో ఆ మార్పు చేసినట్టు కంపెనీ ఇచ్చే కాగితం) తీసుకుని, దాని కాపీ ఇంటి దగ్గర పెట్టుకోవాలి. ఇవన్నీ మే నెలలో చేసుకోవాల్సిన పనులు. తుపాను హెచ్చరిక వెలువడ్డాక వరద రిస్కును కొత్తగా తీసుకోవడానికి కంపెనీలు సాధారణంగా ముందుకు రావు.

నీరు తీశాక మొదటి రెండు రోజులు గందరగోళం. ఒక పక్క మున్సిపాలిటీ వాళ్లు అంటురోగాల భయంతో తడిసిన సరుకంతా రోడ్డు మీద వేయమంటారు, ట్రాక్టరు వస్తుంది, ఫైరింజను పైపుతో బురద కడుగుతారు. ఇంకో పక్క సర్వేయర్ వచ్చేదాకా దేన్నీ కదిలించవద్దని పాలసీ చెబుతుంది. రెండూ సబబే, నలిగేది వ్యాపారి. కడగడానికి ముందే గోడ మీద నీటి చార పక్కన టేపు పెట్టి, అంకె కనిపించేలా ఫొటో తీయాలి. షట్టరు బయట నుంచి మొదలుపెట్టి బోర్డు, మీటరు, ప్రతి ర్యాకు ఆగకుండా ఒకే వీడియోగా తీయాలి. పారేయక తప్పని సరుకులో రకానికి ఒక ప్యాకెట్టు చొప్పున బ్యాచ్ నంబరు చెదరకుండా పక్కన పెట్టి, మిగతావి లెక్క రాసి, తూకం వేయగలిగినవి తూచి, అప్పుడు పంపాలి. అంతకుముందే కంపెనీకి రెండు వాక్యాల మెయిల్ వెళ్లాలి: ఫలానా తేదీలోగా సరుకు తీసేయమని మున్సిపాలిటీ చెబుతోంది, సర్వేయర్‌ను పంపండి, లేదా తీసేయడానికి అనుమతి ఇవ్వండి. ఫోనులో చెప్పిన మాటకు ఫైల్లో చోటుండదు. పాత ఫైర్ పాలసీ షరతుల ప్రకారం నష్టం వివరాలు 15 రోజుల్లో రాతపూర్వకంగా చేరాలి. ఆ గడువు చాలకపోతే పొడిగించమని అదే మెయిల్‌లో అడగవచ్చు.

బియ్యం బస్తాల విషయంలో వాదన ఎప్పుడూ ఉండేదే. నీరు రెండో వరుస దాకానే వచ్చింది కదా, మూడో వరుస బాగానే ఉందిగా అంటారు. కింది బస్తా పీల్చిన తడి పైదానికి ఎక్కుతుంది. నాలుగు రోజులు మూసిన షట్టరు వెనక ఆవిరికి పై వరుస కూడా ముక్కిపోతుంది. పై బస్తాను ఒకచోట కోసి, చేయి పెట్టి, లోపలి గింజ ఉండకట్టడం వీడియోలో చూపిస్తే మాటలు తగ్గుతాయి. మందుల షాపుల్లో ఇంకో చిక్కు. డబ్బా తడిసింది గానీ లోపల రేకు బాగానే ఉంది కాబట్టి సగం ధరైనా వస్తుందని సాల్వేజ్ (పాడైన సరుకు అమ్మితే వచ్చే విలువ) కింద కోస్తారు. మురుగునీటిలో నానిన మందును సగం ధరకు కొనేవాడు ఉండకూడదు కూడా. మందులకు డ్రగ్ ఇన్‌స్పెక్టర్, తిండి సరుకుకు ఆహార భద్రతా అధికారి లేదా మున్సిపల్ ఆరోగ్యాధికారి సమక్షంలో ధ్వంసం చేసి, సంతకంతో ఓ కాగితం తీసుకుంటే ఆ కోత నిలవదు.

ఇక మోటార్లు. వరద తర్వాత పిండిమరలు, వెల్డింగు షాపుల్లో జరిగే అసలు నష్టం నీళ్లు చేసింది కాదు, స్విచ్చు వేసిన చేయి చేసింది. పైకి ఆరినట్టు కనిపించే మోటారులో వైండింగ్ సందుల్లో సన్నటి బురద ఉంటుంది. కరెంటివ్వగానే కాలిపోతుంది. కాలాక కంపెనీ, ఇది వరద నష్టం కాదు, తడి మోటారు ఆన్ చేసిన అజాగ్రత్త అంటుంది, అనడంలో న్యాయం లేకపోలేదు. మెయిను తీసేసి, మోటారు విప్పి, రోటరు బయటికి లాగి, మంచినీళ్లతో తక్కువ ఒత్తిడి మీద కడగాలి. బేరింగుల్లో గ్రీజు పూర్తిగా తీసి కొత్తది పెట్టాలి, గరగర శబ్దం వస్తే బేరింగే మార్చాలి. సింగిల్ ఫేజ్ అయితే కెపాసిటర్ మార్చేయడమే మేలు. తర్వాత 80, 90 డిగ్రీల వేడిలో ఆరబెడుతూ 500 వోల్టుల మెగ్గర్‌తో (వైండింగ్ ఇన్సులేషన్ కొలిచే మీటరు) గంటగంటకూ చూడాలి. వేడెక్కే కొద్దీ రీడింగు మొదట పడిపోతుంది. చాలామంది అక్కడే భయపడి రీవైండింగ్‌కు ఇచ్చేస్తారు. ఆగితే అది మళ్లీ లేచి ఒకచోట నిలబడుతుంది. నిలబడ్డాక 415 వోల్టుల మోటారుకు కనీసం 1 మెగాఓమ్ ఉండాలి, రెండు దాటితే నిశ్చింత. గంటవారీ రీడింగుల కాగితం మీద ఎలక్ట్రీషియన్ సంతకం తీసుకుంటే అదే క్లెయిముకూ పనికొస్తుంది. మునిగిన ఎంసీబీలు, స్విచ్చులు మాత్రం ఆరబెట్టి వాడేవి కావు, మార్చాల్సిందే.

తుపాను తాకిడి దీనికి భిన్నం. 2014 అక్టోబర్ 12న విశాఖను హుద్‌హుద్ తాకినప్పుడు కింది నుంచి కాదు, పైనుంచి పోయింది, రేకులు లేచి. గాలికి కప్పు ఎగిరి పడిన వానకు పరిహారం వస్తుంది. ముందునుంచే ఉన్న చిల్లులోంచి కారిన వానకు రాదు. వానలకు ముందు కప్పు ఎలా ఉందో ఒక ఫొటో తీసి ఉంచమనేది ఇందుకే.

జీఎస్టీ దగ్గర చాలామందికి తెలియని దెబ్బ ఒకటుంది. ధ్వంసమైన సరుకు మీద తీసుకున్న ఇన్‌పుట్ క్రెడిట్ (కొన్నప్పుడు కట్టి, అమ్మకాల పన్నులో తగ్గించుకున్న పన్ను) వెనక్కి కట్టాలని చట్టంలో సెక్షన్ 17(5)(హెచ్) చెబుతోంది. 8 లక్షల ఎలక్ట్రికల్ సామాను 18 శాతం పన్నుతో కొని ఉంటే రూ.1.44 లక్షలు పన్ను కట్టే రిటర్ను 3బీలో 4(బీ)(1) వరుసలో తిప్పికట్టాలి. సరుకూ పోయె, పన్నూ పోయె. బీమా మొత్తాన్ని పన్ను కలిపిన ధర మీద పెట్టించుకున్న వారు ఈ 1.44 లక్షలను కూడా క్లెయిము చేయగలరు. పన్ను లేని ధర మీద పెట్టినవారికి సొంత జేబే. తుక్కు కింద పన్ను వేసి అమ్మిన సరుకు, పూర్తిగా పారేసిన సరుకు వేర్వేరు జాబితాలుగా రాసుకోవాలి. రెండూ ఒకటే అని మొత్తం క్రెడిట్ తిప్పేసుకునే అకౌంటెంట్లు ఉన్నారు, ఏదీ తిప్పకుండా మూడేళ్లకు నోటీసు తెచ్చిపెట్టేవారూ ఉన్నారు. కాంపోజిషన్‌లో (టర్నోవరు మీద కొద్ది శాతం పన్ను కట్టే పథకంలో) ఉన్నవారికి క్రెడిట్టే లేదు కాబట్టి ఈ బాధ లేదు. వారు పన్ను కలిపిన బిల్లు మొత్తాన్నే ఖరీదుగా చూపించుకోవాలి.

బ్యాంకులో జరిగేది నెమ్మదిగా జరుగుతుంది. స్టాకు పోయింది కాబట్టి డ్రాయింగ్ పవర్ (స్టాకు విలువను బట్టి వాడుకోగల అప్పు) పడిపోతుంది, ఖాతాలో వాడుకున్నది మాత్రం అంతే ఉంటుంది. డ్రాయింగ్ పవర్‌ను మించి బాకీ 90 రోజులు అలాగే నిలిస్తే ఖాతా మొండి బాకీల్లోకి పోతుంది. పాలసీలో బ్యాంకు పేరు ఉంటుంది కాబట్టి క్లెయిము డబ్బు కూడా ముందు అప్పు ఖాతాలోనే పడుతుంది, కొత్త సరుకు కొనడానికి చేతికి రాదు. రిజర్వు బ్యాంకు 2018లో ఇచ్చిన ప్రకృతి విపత్తుల మార్గదర్శకాల్లో అప్పు తిరగరాయడానికి, కొత్త అప్పు ఇవ్వడానికి దారి పెట్టింది. క్లెయిము వస్తుందని తగినంత నమ్మకం ఉన్నచోట దాని కోసం ఎదురుచూడకుండా ఇవ్వడం పరిశీలించాలనే మాట కూడా అందులో రాసింది. రాష్ట్రస్థాయి బ్యాంకర్ల కమిటీ కూర్చుని నిర్ణయించాక కూడా అడిగిన వారికే జరుగుతుంది. కాబట్టి ముంపు తేదీ, పోయిన సరుకు విలువ, ఎన్ని నెలల విరామం కావాలో రాసిన అర్జీని మొదటి వారంలోనే బ్రాంచిలో ఇచ్చి, నకలు మీద ముద్ర వేయించుకోవాలి. మూడు నెలలు ఆగి వెళ్తే మేనేజరు మంచివాడైనా చేయగలిగింది తక్కువ.

క్లెయిము తగ్గించారనిపిస్తే, డబ్బు ఇచ్చే ముందు కంపెనీ సంతకం అడిగే డిశ్చార్జి వోచరు మీద పూర్తి, తుది పరిష్కారం అని కళ్లు మూసుకుని సంతకం పెట్టవద్దు. ముందు కంపెనీకే ఫిర్యాదు రాసి నెల చూడాలి. తర్వాత బీమా ఫిర్యాదులు తేల్చే హైదరాబాద్‌లోని బీమా అంబుడ్స్‌మన్ దగ్గరికి వెళ్లవచ్చు. సొంత యాజమాన్యపు కొట్లు, సూక్ష్మ సంస్థలు అక్కడ అర్హులే. పరిమితి రూ.50 లక్షలు, రుసుము లేదు, వకీలు అక్కర్లేదు, ఏడాదిలోపు వెళ్లాలి. సూక్ష్మ సంస్థ అనడానికి ఉద్యమ్ (చిన్న సంస్థల ప్రభుత్వ నమోదు) సర్టిఫికెట్టే రుజువు. పోర్టల్లో అది ఉచితం. బయట వెయ్యి, రెండు వేలు తీసుకునేవాళ్ల దగ్గరికి వెళ్లనక్కర్లేదు.

ప్రభుత్వాన్ని అడిగేది పెద్దదేమీ కాదు. ముంపు లెక్కలకు వచ్చే సచివాలయ, రెవెన్యూ సిబ్బంది చేతిలో కొట్లకు విడిగా ఒక ఫారం ఉండాలి. అందులో డోరు నంబరు, జీఎస్టీ లేదా ఉద్యమ్ నంబరు, గోడ మీద నీటి ఎత్తు, ఎన్ని రోజులు నీరు నిలిచింది, ఈ నాలుగు గడులుంటే చాలు. తాళం వేసి ఉన్న షట్టరుకు చీటీ అంటించి మళ్లీ రావాలి. రాసుకున్నదాని నకలు వ్యాపారికి ఇవ్వాలి. బీమా కంపెనీ దగ్గరా బ్యాంకు దగ్గరా అంతకు మించిన సాక్ష్యం ఉండదు.

మీ పత్రికను అడిగేది ఒకటుంది. సర్వేయర్ల ఫైళ్లలో జిల్లా పేజీల కత్తిరింపులు ఎప్పుడూ ఉంటాయి, ఆ వీధి నిజంగా మునిగిందనడానికి. ‘పలు కాలనీలు జలమయం’ అన్న వార్త ఆ ఫైల్లో ఎందుకూ కొరగాదు. ఏ వీధి, ఎన్ని అడుగులు, ఏ తేదీ నుంచి ఏ తేదీ దాకా అన్నది రాయించండి. ఫొటో కింద వీధి పేరు, తేదీ వేయించండి.

ఇట్లు,
బీమా నష్టాల మదింపు, జీఎస్టీ లెక్కల పనిలో ఉన్న కొందరు,
విజయవాడ